గ్రిడ్ ఎత్తుల డేటాను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఎక్కిస్తే నేల ఎందుకు జరుగుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ సర్ఫర్‌లో తయారైన ఆస్కీ గ్రిడ్ (ఎత్తుల్ని వరుసలుగా పేర్చిన టెక్స్ట్ ఫైల్) ఒకటి ఉంది: 401 నిలువు వరుసలు, 301 అడ్డు వరుసలు, పాయింట్ల మధ్య దూరం 10 మీటర్లు. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, పాత హెడర్ (ఫైల్ మొదట్లో కొలతలు చెప్పే లైన్లు) తీసేసి, ఎస్రి కంపెనీ పద్ధతి ఆస్కీ హెడర్ చేత్తో రాసి వరద మోడల్‌లోకి ఎక్కించారు. మొదటిసారి ఉత్తరాన ఉండాల్సిన కొండలు దక్షిణానికి వచ్చేశాయి. వరుసలు తిరగేశాక బొమ్మ బాగానే కనబడుతోంది గానీ, సర్వే చేసిన వాగు గీత మీద పెట్టి చూస్తే పడమటి అంచున నేల 5 మీటర్లు తూర్పుకి, తూర్పు అంచున 5 మీటర్లు పడమరకి జరిగింది. మధ్యలో మాత్రం అతికినట్టు కూర్చుంది. "ఇది ప్రొజెక్షన్ సమస్యా, ఫార్మాట్ మార్చాలా?" అని అడిగారు.

సూటిగా చెబితే, ప్రొజెక్షన్‌కి (గుండ్రటి భూమిని చదునైన పటంగా మార్చే పద్ధతికి) దీంతో సంబంధం లేదు, ఫార్మాట్ మార్చినా పోదు. హెడర్‌లో సెల్‌సైజ్ (ఒక్కో గడి వెడల్పు), మూల రెండూ తప్పు పడ్డాయి. సర్ఫర్ హెడర్‌లో ఎక్స్ 500000 నుంచి 504000 వరకు అని ఉంది కాబట్టి, మీరు ఆ 4000 ని 401 తో భాగించి 9.975 వేసి ఉంటారు. 400 తో భాగించాలి. సెల్‌సైజ్ 10 పెట్టండి. నైరుతి మూలని చెప్పే రెండు మాటల్లో ఎక్స్‌ఎల్‌ఎల్‌కార్నర్ 499995, మీ వై 1900000 దగ్గర మొదలవుతోంది కాబట్టి వైఎల్‌ఎల్‌కార్నర్ 1899995 పెట్టండి. లేదంటే ఆ రెండు మాటల్లో కార్నర్ తీసేసి సెంటర్ అని రాసి, 500000, 1900000 అలాగే ఉంచినా సరిపోతుంది. నేనైతే కార్నరే వాడతాను. ఎవరో సొంతంగా రాసుకున్న చిన్న రీడర్ కోడ్‌లు సెంటర్ అన్న మాటను చూడకుండానే దాటేయడం నాకు ఎదురైంది.

మీ పని వరకు ఇంతే. కారణం కూడా తెలిస్తే వచ్చే నెల ఇంకో ఫైల్‌తో మళ్లీ ఇదే తంటా పడరు కాబట్టి కాస్త విడమరిచి చెబుతాను.

గుంజలు, సందులు. కంచెకి పది గుంజలు పాతితే మధ్యలో సందులు తొమ్మిదే. సర్ఫర్ గ్రిడ్‌లో ప్రతి ఎత్తూ ఒక గుంజ దగ్గరిది. హెడర్‌లోని 500000 మొదటి గుంజ, 504000 చివరి గుంజ. గుంజలు 401, సందులు 400. ఎస్రి ఆస్కీ పద్ధతి వేరు. దానికి ప్రతి ఎత్తూ ఒక చదరపు పలకది, హెడర్‌లో ఇచ్చే మూల ఆ పలకల చాప మొత్తానికి నైరుతి అంచు. గుంజను పలక నడిమధ్యన పెట్టి చూస్తే పలక అంచు గుంజకంటే అర సెల్ బయటికి పోతుంది. అందుకే 499995.

మీ హెడర్‌తో ఏం జరిగిందో లెక్కేసి చూడండి. సెల్‌సైజ్ 9.975, మూల 500000. మొదటి పలక మధ్యభాగం 500005 దగ్గర పడుతుంది, నిజానికి అది ఉండాల్సింది 500000 దగ్గర. అంటే 5 మీటర్లు తూర్పుకి. చివరి పలక మధ్యభాగం 503995, ఉండాల్సింది 504000. అంటే 5 మీటర్లు పడమరకి. సరిగ్గా నడిమి పలక మాత్రం 502000 దగ్గరే ఉంటుంది, తప్పు సున్నా. నేల రెండు వైపుల నుంచీ నొక్కినట్టు మధ్యకి కుదించుకుపోయింది. మీరు చెప్పిన లక్షణాలతో ఇది అక్షరాలా సరిపోతోంది. ఇంకో గుర్తు కూడా ఉండాలి: సెల్‌సైజ్ ఎక్స్ నుంచి లెక్కేసి అదే వైకి కూడా వాడారు కాబట్టి, దక్షిణం అంచున 5 మీటర్ల తేడా ఉంటే ఉత్తరం అంచున సుమారు రెండున్నర మీటర్లే ఉంటుంది. ఒకసారి కొలిచి చూడండి. అలా వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

మధ్యలో సరిపోవడమే ఇందులో అసలు ప్రమాదం. నేను ఈ పనిలో కొత్తగా ఉన్నప్పుడు ఇదే తప్పు చేశాను. ఒక కాలువ గట్టు మోడల్. సరిచూసుకోవడానికి నా దగ్గరున్న సర్వే రాయి ఒక్కటే, అదీ దాదాపు సైట్ నడిబొడ్డున. అక్కడ తేడా 2 సెంటీమీటర్లు వచ్చింది. ఇంకేం కావాలి, సంతోషంగా రిపోర్టు పంపేశాను. రెండు వారాల తర్వాత అవతలి సర్వేయర్ ఫోన్ చేసి, "తూర్పు చివర మీ గట్టు కాలువలో నడుస్తోందేంటండీ?" అన్నాడు. అప్పటి నుంచి నేను మధ్యలో ఎప్పుడూ సరిచూడను. నాలుగు మూలల్లో చూస్తాను.

అర సెల్ తేడా అంటే ఏముందిలే అనిపిస్తుంది. బల్లపరుపు నేలలో నిజంగానే ఏమీ కాదు, అందుకే చాలామందికి ఏళ్ల తరబడి తెలియదు. వాలు ఉన్నచోట తెలుస్తుంది. 30 శాతం వాలు మీద 5 మీటర్లు జరిగితే ఎత్తులో ఒకటిన్నర మీటర్ల తప్పు. 30 మీటర్ల గ్రిడ్‌లో అర సెల్ అంటే 15 మీటర్లు, అదే వాలు మీద నాలుగున్నర మీటర్లు. వరద లోతుని అంగుళాల్లో మాట్లాడే చోట ఇది చిన్న విషయం కాదు.

జియోటిఫ్‌లోనూ (స్థానం వివరాలు లోపలే ఉండే బొమ్మ ఫైల్) ఈ గుంజ-పలక గొడవ ఉంది, కాకపోతే అక్కడ అది ఫైల్ లోపలే ఒక ట్యాగ్‌లో రాసి ఉంటుంది: పిక్సెల్‌ఈజ్‌ఏరియా (పలక), పిక్సెల్‌ఈజ్‌పాయింట్ (గుంజ) అని. చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని గౌరవిస్తే బతికిపోయాం. రెండు చోట్లా వీలున్నప్పుడు నేను 32 బిట్ల ఫ్లోట్ (దశాంశాలు నిలిచే అంకెల) జియోటిఫ్‌నే ఎంచుకుంటాను. చేత్తో హెడర్ రాసే పని ఉండదు, ప్రొజెక్షన్ వివరం ఆ ఫైల్ లోపలే వెళ్తుంది, సైజూ తక్కువ. పది వేలు బై పది వేల గ్రిడ్ అంటే 10 కోట్ల సెల్స్. ఫ్లోట్‌లో కుదించకుండానే 400 మెగాబైట్లు, ఆస్కీలో అంకెకి ఎనిమిది అక్షరాలనుకున్నా 800. మీ విషయంలో అసలు టెక్స్ట్ ఎడిటర్ అవసరమే లేదు కూడా. సర్ఫర్‌లోనే గ్రిడ్‌ని ఎస్రి ఆస్కీగా సేవ్ చేసుకునే వీలుంది. ఫార్మాట్లు మార్చే పనిముట్టు జీడాల్ ఉంటే ఒక్క ట్రాన్స్‌లేట్ కమాండ్‌తో పోతుంది.

కొండలు దక్షిణానికి ఎందుకొచ్చాయి. ఇది తేలిక. ఎస్రి ఆస్కీలో మొదటి వరుస ఉత్తరం అంచుది, కిందికి పోయేకొద్దీ దక్షిణం. సర్ఫర్ ఆస్కీలో మొదటి వరుస దక్షిణం అంచుది. భూగర్భ జలాల మోడల్ మాడ్‌ఫ్లోలో మళ్లీ ఒకటో వరుస పైనే. తిరగేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: సర్ఫర్ ఫైల్‌లో ఒక అడ్డు వరుస నాలుగైదు లైన్లలోనో, నలభై లైన్లలోనో పరుచుకుని ఉండొచ్చు. వరుస తిరగేయడమంటే లైన్లు తిరగేయడం కాదు. లైన్లు తిరగేస్తే నేల చింపిరి చాపలా తయారవుతుంది. మీ బొమ్మ బాగానే ఉందన్నారు కాబట్టి ఆ గండం దాటారు.

పన్నెండు సెల్స్ పరీక్ష. కొత్త సాఫ్ట్‌వేర్ ఏది ముట్టుకున్నా నేను మొదట చేసే పని ఇదే. అసలు డేటా పక్కన పెట్టి, నోట్‌ప్యాడ్‌లో చిన్న గ్రిడ్ ఒకటి రాస్తాను. నాలుగు నిలువు, మూడు అడ్డు, సెల్‌సైజ్ 10, కార్నర్ 1000, 2000, నోడేటా (ఎత్తు లేని ఖాళీ సెల్‌కి గుర్తు) -9999. దాని కింద మూడే లైన్లు:

11 12 13 14
21 22 23 24
31 32 33 -9999

మొదటి అంకె అడ్డు వరుస, రెండోది నిలువు వరుస. ఇక దీన్ని లోపలికి ఎక్కించి 11 ఎక్కడ కూర్చుందో చూడండి. అది వాయవ్య మూలలో, మధ్యభాగం 1005, 2025 దగ్గర ఉండాలి. నైరుతిలో కనబడితే వరుసలు తిరగబడ్డాయి. ఈశాన్యంలో కనబడితే అద్దంలో బొమ్మలా తూర్పు పడమరలు మారాయి. 11 తన మూలలోనే ఉండి దాని కింద 21 బదులు 12 కనబడితే అడ్డు, నిలువు వరుసలు ఒకదాని స్థానంలో ఒకటి వెళ్లాయి, ఇది సొంత స్క్రిప్టుల్లో ఎక్కువ. 1000, 2020 దగ్గర ఉంటే కార్నర్‌ని సెంటర్ అనుకుంది. ఆగ్నేయ మూలలో ఖాళీ బదులు పాతాళం కనబడితే నోడేటా గుర్తుపట్టలేదు. అసలు గ్రిడ్‌తో రెండు రోజులు పట్టే పరిశోధన దీంతో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ సాఫ్ట్‌వేర్ బయటికి ఎలా రాస్తుందో కూడా ఇదే ఫైల్‌ని తిరిగి ఎగుమతి చేసి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

నోడేటా. మీరు అడగలేదు గానీ, మీ తర్వాతి ప్రశ్న ఇదే అవుతుందని నా పందెం. సర్ఫర్ ఖాళీ సెల్స్‌ని 1.70141e+38 అన్న పెద్ద అంకెతో రాస్తుంది. ఎస్రి ఆస్కీలో మామూలుగా -9999. మీరు హెడర్ మాత్రమే మార్చి ఉంటే, లోపలి ఖాళీలు ఇంకా ఆ పాత అంకెతోనే ఉంటాయి, మోడల్ వాటిని ఆకాశాన్నంటే గోడలుగా చూస్తుంది. ఎక్కించగానే కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులు చూసే అలవాటు చేసుకోండి. నేల 20 నుంచి 180 మీటర్ల మధ్య ఉండాల్సిన చోట కనిష్ఠం -9999 కనబడితే వెంటనే దొరికిపోతుంది. దొరకనిది ఎప్పుడంటే, మధ్యలో ఎవరో రీసాంప్లింగ్ (కొత్త సెల్స్‌కి ఎత్తులు మళ్లీ లెక్కకట్టడం) చేసినప్పుడు. 40 మీటర్ల సెల్ పక్కన -9999 ఉండి రెండింటినీ సగటు చేస్తే -4979.5 వస్తుంది. అది నోడేటా కాదు కాబట్టి ఏ ఫిల్టర్‌కీ చిక్కదు, అంచు పొడవునా అగాధాలు మిగిలిపోతాయి. నోడేటాని మొదట సరిచేయాలి, ఆ తర్వాతే సెల్‌సైజ్ ముట్టుకోవాలి. ఈ వరస తప్పితే మొదటికి వెళ్లాల్సిందే. సున్నాని నోడేటాగా పెట్టడం మాత్రం ఎన్నడూ చేయకండి. తీరప్రాంతంలో సున్నా నిజమైన ఎత్తు.

ఎత్తు దేని నుంచి కొలిచారు అన్నది ఇంకో ఉచ్చు. జీపీఎస్ నుంచి నేరుగా వచ్చే ఎత్తు భూమికి లెక్కల్లో వాడే నున్నటి ఆకారం ఎలిప్సాయిడ్ నుంచి, పటాల్లో వాడే ఎత్తు దాదాపు సముద్రమట్టం అనదగిన జియాయిడ్ నుంచి. ఈ రెండింటి తేడా ప్రపంచంలో ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది: శ్రీలంకకు దక్షిణాన సముద్రంలో జియాయిడ్ వంద మీటర్లకు పైగా కిందికి ఉంటే, న్యూగినీ దగ్గర 85 మీటర్లదాకా పైకి ఉంటుంది. అంతరిక్షం నుంచి కొలిచిన రెండు గ్రిడ్‌లు చూడండి: ఎస్‌ఆర్‌టీఎమ్ ఎత్తులు ఈజీఎమ్96 అనే జియాయిడ్ మోడల్ మీద, కోపర్నికస్ 30 మీటర్ల గ్రిడ్ ఈజీఎమ్2008 మోడల్ మీద. ఆస్కీ ఫైల్‌లో ఈ సంగతి రాసుకునే చోటే లేదు. అందుకే నేను పంపే ప్రతి గ్రిడ్‌తోపాటు నాలుగు లైన్ల టెక్స్ట్ ఫైల్ ఒకటి పెడతాను: ప్రొజెక్షన్, ఎత్తుల ఆధారం, యూనిట్లు, గుంజా పలకా. పుచ్చుకున్నవాళ్లు దాన్ని తెరవరు, అది వేరే సంగతి.

ఎస్‌ఆర్‌టీఎమ్ పేరొచ్చింది కాబట్టి ఒక ముచ్చట. 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ ఎండేవర్ నుంచి పదకొండు రోజుల్లో కొలిచిన ఆ డేటా హెచ్‌జీటీ ఫైళ్లలో హెడరే ఉండదు. ఉత్త అంకెలు, ఒక్కోటి రెండు బైట్లు, పెద్ద బైటు ముందు. మన కంప్యూటర్లు మామూలుగా చిన్న బైటు ముందు చదువుతాయి. నేను రాసిన మొదటి రీడర్‌లో 300 మీటర్ల గుట్ట 11265 మీటర్లయింది. 200 మీటర్లది -14336 అయింది. పటం చూసి కాసేపు నవ్వుకున్నాను. ఇంత ఘోరంగా తప్పితే నిజానికి మంచిదే, అర సెల్‌లా దాక్కుని ఉండదు. 1 ఆర్క్ సెకండ్ (డిగ్రీలో 3600వ వంతు) ఫైల్ 3601 బై 3601 ఉంటుంది, 3600 కాదు. ఇక్కడా గుంజలే! పక్క ఫైల్‌తో ఒక వరుస ఉమ్మడి. రెండు ఫైళ్లని అంచుకి అంచు ఆనించి అతికిస్తే ప్రతి డిగ్రీకీ ఒక వరుస రెండుసార్లు పడి మెట్టులా కనబడుతుంది.

అన్నట్టు, డిగ్రీల్లో ఉన్న గ్రిడ్‌ని అలాగే మోడల్‌లోకి ఎక్కించకండి. అడ్డం దూరాలు డిగ్రీల్లో, ఎత్తులు మీటర్లలో ఉంటే వాలు లెక్కలన్నీ గోడల్లా వస్తాయి. ముందు మీటర్ల ప్రొజెక్షన్‌కి మార్చండి. ఆ మార్చడం ఒక్కసారే చేయండి. ప్రతి రీసాంప్లింగూ నేలని కొంచెం నున్నగా చేస్తుంది. మూడుసార్లు అటూ ఇటూ తిప్పిన గ్రిడ్‌లో గట్లు తరిగి, వాగులు పూడి ఉంటాయి. 3 మీటర్ల వెడల్పు గట్టు 10 మీటర్ల సెల్ సగటులో ఎలాగూ మునిగిపోతుంది. దానికి మందు గ్రిడ్‌లో లేదు, గట్టు గీతని బ్రేక్‌లైన్‌గా (మోడల్ తప్పక పాటించాల్సిన గీతగా) విడిగా ఇవ్వాల్సిందే.

త్రీడీ సాఫ్ట్‌వేర్‌లు, గేమ్ ఇంజిన్‌ల వైపు వెళ్లేవాళ్లకి రెండు ముక్కలు. 32 బిట్ల ఫ్లోట్‌లో 1900000 లాంటి పెద్ద కోఆర్డినేట్ పన్నెండున్నర సెంటీమీటర్ల మెట్లతోనే నిలుస్తుంది. అందుకే దగ్గరికి వెళ్లి చూస్తే మెష్ (నేలని గీసే వల) వణుకుతుంది. ఎక్కించేముందు నైరుతి మూల విలువని అన్నింట్లోంచి తీసేయండి, తీసిన అంకెని ఎక్కడో రాసిపెట్టుకోండి. హైట్‌మ్యాప్ (ఎత్తుల్ని నలుపు-తెలుపు ఛాయలుగా చూపే బొమ్మ) పీఎన్‌జీ అయితే 16 బిట్లే వాడాలి. 850 మీటర్ల ఎత్తుల తేడాని 8 బిట్లలో కుదిస్తే ఒక్కో మెట్టు 3 మీటర్లకు పైన, 16 బిట్లలో అయితే సెంటీమీటరున్నరకి లోపు. అక్కడ కూడా -9999 ని కడగకుండా సాగదీస్తే, మీ నేల మొత్తం పరిధిలో 8 శాతంలో ఇరుక్కుంటుంది.

చివరిగా, సరైందో కాదో తేల్చుకోవడానికి నేను వాడే పద్ధతి: ఎక్కించిన గ్రిడ్‌ని మోడల్ నుంచి తిరిగి బయటికి తీసి, అసలు దాంట్లోంచి తీసివేసి, ఆ తేడాకి రంగులు వేసి చూడటం. అంతటా సున్నా రావాలి. రాకపోతే ఆ బొమ్మే రోగం చెబుతుంది. ప్రతి గుట్టకీ ఒక పక్క ఎరుపు, ఇంకో పక్క నీలం పడి నాణెం మీద అచ్చులా కనబడితే నేల పక్కకి జరిగింది. అంతటా ఒకే అంకె, లేదా చాలా నెమ్మదిగా మారే అంకె ఉంటే ఎత్తుల ఆధారం మారింది. ఎత్తైన చోట తేడా ఎక్కువ, పల్లంలో తక్కువ ఉంటే అడుగులు మీటర్ల గొడవ. చుట్టూ పొలాల మడుల్లా మెట్లు మెట్లుగా ఉంటే ఎవరో దశాంశాలు కోసేసి పూర్ణాంకాలు రాశారు. ఉప్పు చల్లినట్టు అర సెంటీమీటరు లోపు చుక్కలుంటే రెండు దశాంశాలకి కుదించి రాశారన్నమాట, దాన్ని వదిలేయండి.

మీ ఇప్పటి ఫైల్ దారిలో మాత్రం ఇది పనిచేయదు. తప్పుడు హెడర్‌తో లోపలికెళ్లి అదే హెడర్‌తో బయటికొస్తే తేడా సున్నాయే చూపిస్తుంది. దాన్ని సర్ఫర్ స్వయంగా సేవ్ చేసిన ఎస్రి ఆస్కీతో పోల్చండి. పడమటి, తూర్పు అంచుల్లో నీడలు ఎదురెదురుగా పడి, మధ్యలో మాసిపోయినట్టుంటే కారణం నేను పైన చెప్పిందే. అలా కాకుండా అంతటా ఒకే దిక్కుకి నీడ పడితే, రెండు హెడర్లలోని లైన్లూ ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెట్టండి, చూస్తాను.